ముప్ఫై ఒకటో గడి

ఆ లాండ్రీలో సూపర్‌వైజరుకి తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. వెనకాల అందరూ అతన్ని ‘చూద్దాంలే’ అనేవారు. ఎవరేమడిగినా అతని నోటి వెంట ముందు వచ్చేది ఆ మాటే మరి. వెనక తలుపుకి అడ్డంగా దుప్పట్ల మూటలు పేర్చారు, రేపు నిప్పంటుకుంటే ఎటు పారిపోతామయ్యా అంటే, చూద్దాంలే. ఉతికే యంత్రాల దగ్గర నేలంతా సబ్బునీళ్ళు, నడుములు విరిగేట్టున్నాయంటే, చూద్దాంలే. పోనీ చెడ్డవాడా అంటే, అదీ కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా అడక్కుండానే సెలవిచ్చేవాడు. అలాంటివాణ్ణి తిట్టడానికి ఎవరికీ నోరు రాదు, అందుకే ఆ మూటలు అక్కడే ఉండిపోయాయి, ఆ నీళ్ళూ అక్కడే ఉండిపోయాయి.

అతని బల్ల సొరుగులో యంత్రాల తనిఖీ రిజిస్టరని ఒకటుండేది. నెలకో పేజీ. ఒక్కో యంత్రానికి ఒక్కో వరస, వరసకి ముప్ఫై ఒక్క గడులు. రోజూ పొద్దున ఆరింటికి పని మొదలయ్యే ముందు ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్ళి, ఆపే మీటలు పనిచేస్తున్నాయా, అడ్డుకడ్డీలు సరిగ్గా ఉన్నాయా చూసి, ఆ రోజు గడిలో సంతకం పెట్టాలి. అదీ పద్ధతి. మన సూపర్‌వైజరు పద్ధతి వేరు. ఒకటో తారీఖు పొద్దున టీ గ్లాసు పక్కన పెట్టుకుని, నెలకి సరిపడా సంతకాలన్నీ ఒక్క ఊపున పెట్టేసేవాడు. టీ చల్లారే లోపల అయిదు యంత్రాల నెల గడిచిపోయేది. ముప్ఫై రోజుల నెలలో కూడా పేజీ మీద ముప్ఫై ఒక్క గడులే ఉంటాయి కదా, ఊపులో ఉన్న చెయ్యి క్యాలెండరు చూసుకోదు కదా, ఆఖరి గడిలోనూ సంతకం పడిపోయేది. ఆ లెక్కన ఏడాదికో వారం రోజులపాటు, లోకంలో ఎవరికీ లేని రోజుల్లో కూడా అతను యంత్రాలు తనిఖీ చేస్తూ ఉండేవాడన్నమాట. పదేళ్ళుగా ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. ఆ రిజిస్టరు తెరిచి చూసే ఓపిక ఎవరికుంది?

ఇంతా చేసి, ఇంట్లో ఆ మనిషి మహా జాగ్రత్తపరుడు. పొద్దున గడప దాటబోతూ వెనక్కొచ్చి గ్యాస్ మీట చూసేవాడు. చెప్పులేసుకుని మళ్ళీ వచ్చి చూసేవాడు. “దానిక్కూడా ఓ రిజిస్టరు పెట్టుకోకపోయావా?” అని భార్య ఎకసెక్కమాడేది. అతనూ నవ్వేవాడు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చి కుళ్ళబొడుస్తుందో అప్పుడు తెలీదు పాపం.

యంత్రాలన్నిట్లోకీ పెద్దది ఇస్త్రీ రోలరు. తడిదుప్పటి ఒక అంచున అందిస్తే, సలసల కాగే రెండు పెద్ద రోలర్ల మధ్యకి లాక్కుని, అవతలి వైపు నున్నగా, పొడిగా బయటికి తోస్తుంది. రోలర్ల ముందు సన్నటి ఇనపకడ్డీ ఒకటి అడ్డంగా ఉంటుంది. వేలు తగిలినా సరే, యంత్రం ఠక్కున ఆగిపోతుంది. ఉన్నదే అందుకు. ఆ నెలలో దానికేం పట్టిందో గానీ, వేళ్ళు తగలకపోయినా, దుప్పటి అంచు కుట్టు కాస్త మందంగా వస్తే చాలు, ఆగిపోవడం మొదలెట్టింది. ఆగినప్పుడల్లా లోపల చిక్కిన దుప్పటి మాడి మచ్చ పడేది. ఆసుపత్రి దుప్పట్లు ఒక పక్క, హోటలు దుప్పట్లు ఒక పక్క కొండల్లా పేరుకుపోయాయి.

ఓనరు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూశాడు. “అది ఆగినప్పుడల్లా నా గుండె ఆగుతోందయ్యా. ఏదో ఒకటి చెయ్యి” అన్నాడు.

కడ్డీ కట్టెయ్యమని అన్లేదు. కట్టొద్దనీ అన్లేదు. పెద్దవాళ్ళ మాటల్లో ఆ సుఖం ఉంది. మర్నాడు అందరికంటే ముందొచ్చి, సూపర్‌వైజరు నీలం అంచున్న పాత దిండుగలేబు ఒకటి చింపి, ఆ పేలికతో కడ్డీని పైకెత్తి చట్రానికి కట్టేశాడు. మెకానిక్కు వచ్చేదాకా రెండురోజులే కదా అనుకున్నాడు. మెకానిక్కుకి కబురు పెట్టడం మాత్రం, చూద్దాంలే అనుకున్నాడు.

రోలరు మీద పనిచేసేది పెద్దక్క. ఇరవై రెండేళ్ళుగా అదే చోట నిలబడ్డ మనిషి. సూపర్‌వైజరు కుర్రతనంలో దుప్పట్లు మడతపెట్టే పనికి చేరినప్పుడు, అతనికి మడత దగ్గర్నుంచి మంచీ చెడూ నేర్పింది ఆవిడే. “దుప్పటి చిరిగితే ఇంకోటి నేస్తారు తమ్ముడూ, వేలు పోతే ఎవడూ నెయ్యడు” అని మొదటిరోజే చెప్పింది. అలాంటిది ఆ పేలిక చూసి ఊరుకుంటుందా?

“తమ్ముడూ, ఇదేం పని? ఆ కట్టు విప్పించు.”

“రెండ్రోజులక్కా, మెకానిక్కు వస్తాడు.”

మూడోరోజు మళ్ళీ అడిగింది. ఆరో రోజు మళ్ళీ అడిగింది. “చూద్దాంలే అక్కా” అన్నాడు. ఎనిమిదోరోజు, అంటే పదిహేడో తారీఖు, పది గంటలకి దుప్పటి అంచు ముడత పడితే, సర్దడానికి ఆవిడ చెయ్యి చాచింది. ఇరవై రెండేళ్ళుగా అలాగే చాస్తోంది. కడ్డీ ఆపుతుందని చేతికి అలవాటు.

కేకలు విని అతను పరుగెత్తేసరికి, యంత్రం ఆపే ఎర్రమీటకి అడ్డంగా ఎవరో తువ్వాళ్ళు ఆరేసి ఉన్నారు. వాటిని లాగి మీట కనుక్కుని నొక్కడానికి పట్టింది నాలుగు క్షణాలో, అయిదో. కుడిచెయ్యి నాలుగు వేళ్ళు, సగం అరచెయ్యి. ఇంతకంటే చెప్పడం నాకూ ఇష్టం లేదు.

ఓనరుని ఒట్టి దుర్మార్గుడనలేం. తన కార్లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, డాక్టర్ల కాళ్ళావేళ్ళా పడ్డాడు. కానీ సాయంత్రం తిరిగొచ్చాక అతనికి తన లాండ్రీ గుర్తొచ్చింది. తనిఖీ వాళ్ళొచ్చేదాకా రోలరు దరిదాపుల్లోకి ఎవరూ వెళ్ళొద్దన్నాడు. సూపర్‌వైజరుని గదిలోకి పిలిచి, పదేళ్ళలో మొదటిసారి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. ఆ తర్వాతి గడులూ నిండే ఉన్నా, ఓనరు చూపు పదిహేడో గడి దాటలేదు.

“పదిహేడో తారీఖు ఆరింటికి నువ్వు చూసి సంతకం పెట్టావు. కడ్డీ బాగానే ఉంది. అంటే ఆరుకీ పదికీ మధ్య ఆవిడే కట్టుకుని ఉండాలి, పని తొందరగా అవ్వాలని. అంతేగా?” అన్నాడు. అని, అతని భుజం మీద చెయ్యేశాడు. “నీ సంతకమే మనల్ని కాపాడిందయ్యా.”

అప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. కాగితం మీద ఏదో రాసి ముందు పెడితే, చదవకుండా సంతకం పెట్టాడు. చదవకుండా సంతకం పెట్టడం అతనికి కొత్తా?

లాండ్రీలో పన్నెండుమందికీ ఆ పేలిక ఎనిమిది రోజులుగా అక్కడుందని తెలుసు. కట్టిన చెయ్యెవరిదో మాత్రం ఎవరూ చూడలేదు. చూసిన పేలిక గురించైనా చెప్పొచ్చు కదా అంటే, సూపర్‌వైజరే మాట్లాడనప్పుడు మనకెందుకులే అనుకున్నారు. తిలా పాపం తలా పిడికెడు. అందులో పెద్ద పిడికిలి ఎవరిదో ఒక్కడికే తెలుసు. రోజూ ఆగిపోయిన రోలరు పక్కనుంచి నడిచినప్పుడు, ఆ నీలం అంచు అతనికి కనపడుతూనే ఉండేది. ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే తన గురించే అనిపించేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో అతనికి ఆ రోజుల్లో బాగా బోధపడింది.

నాలుగోరోజు ఆసుపత్రికి వెళ్ళాడు. పెద్దక్క చేతికి మోచేతి దాకా కట్టు. ఆవిడ తిడుతుందనీ, తిట్టించుకుంటే ప్రాణం కాస్త తేలికపడుతుందనీ అనుకుంటూ వెళ్ళాడు. ఆవిడ తిట్టలేదు.

“కూర్చో తమ్ముడూ” అంది. “నిన్న ఓనరు గారి మనిషి వచ్చి చెప్పాడు. కడ్డీ నేనే కట్టుకున్నానట కదా” అంది.

అతను పళ్ళ సంచీ ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

“నాకేమో అది అంతకుముందు నుంచే ఉన్నట్టు గుర్తు. నిన్ను విప్పించమని అడిగినట్టు కూడా గుర్తు. అడిగానా తమ్ముడూ? లేక ఈ మందుల మత్తులో కలగన్నానా? పొద్దున ఆరింటికి బాగానే ఉందని రిజిస్టర్లో ఉందట. రిజిస్టరు మాట ఎలా ఉన్నా, నువ్వు చూడకుండా సంతకం పెట్టవు కదా. అయితే నేనే కట్టుంటాను. బుద్ధి ఎలా గడ్డి తిందో నాకే తెలీడం లేదు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ జాగ్రత్తలు చెప్పినదాన్ని.” ఆవిడ కళ్ళనీళ్ళు చెవుల్లోకి జారాయి. తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తబోయి ఆగిపోయింది. “ఉద్యోగం తీసేస్తారట. రావాల్సిన డబ్బులేవీ రావట. సరే, తప్పు నాదైనప్పుడు ఎవర్నేమంటాం? కానీ నాకు గుర్తు రావడం లేదే, అదే నా బాధ.”

ఆవిడ తన సంతకాన్ని నమ్మి తన బుర్రని అనుమానిస్తోంది. నాలుగు మాటలు చెబితే చాలు, ఆ బాధ అక్కడికక్కడే పోయేది. నోట్లోంచి వచ్చిన మాటేమిటో తెలుసా?

“ఇప్పుడవన్నీ ఎందుకక్కా, చూద్దాంలే.”

మెట్లు దిగుతూ తన నోరు తనే కొట్టుకున్నాడు, నిజంగానే. ఎదురుగా వస్తున్న నర్సు జంకి పక్కకి తప్పుకుంది.

ఆ తర్వాత అతనికి తిండి సయించలేదు. కొత్త నెల ఒకటో తారీఖున అలవాటుగా రిజిస్టరు తెరిచి, టీ గ్లాసు పక్కన పెట్టుకున్నాడు. మొదటి గడిలో పెన్ను పెట్టాడు, అది కదలలేదు. లేచివెళ్ళి, ఆగిపోయిన రోలరు తప్ప మిగతా ఒక్కో యంత్రాన్నీ మోకాళ్ళ మీద కూర్చుని చూసి వచ్చి, ఆ రోజుకి మాత్రం సంతకం పెట్టాడు. నలభై నిమిషాలు పట్టింది. టీ మీద తెట్టె కట్టింది. నలభై నిమిషాలు! పదేళ్ళలో ఒక్కరోజు, ఆ ఒక్కరోజు, ఈ నలభై నిమిషాలు పెట్టి ఉంటే అనుకుని, ఒక్కడూ ఆ గదిలో ఏడ్చాడు.

ఆరో తారీఖున తనిఖీ అధికారిణి వస్తుందన్నారు. ఆ పొద్దున అతను గ్యాస్ మీట మూడోసారి చూస్తుంటే, భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఆ రోజు ఆ కడ్డీ చూశావా, చూళ్ళేదా? అంతే చెప్పు.”

“చూళ్ళేదు. కట్టిందీ నేనే.”

ఆవిడ మధ్యాహ్నం బాక్సు తెచ్చి చేతిలో పెట్టింది. “ఉద్యోగం ఉన్నా పోయినా, మధ్యాహ్నానికి ఆకలేస్తుంది కదా. పద” అంది. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, ఒక్క ముక్క చెప్పలేదు.

అధికారిణి పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. లాండ్రీ అంతా తిరిగింది. వెనక తలుపు దగ్గర మూటలు చూసి ఆగింది, సబ్బునీళ్ళలో కాలు జారబోయి గోడ పట్టుకుంది, ఎర్రమీట పక్కన ఇంకా వేలాడుతున్న ఒక తువ్వాలు తనే తీసి మడతపెట్టింది. ఏమీ అన్లేదు, రాసుకుంది. ఓనరు గదిలో కూర్చుని రిజిస్టరు తిరగేసింది. పదిహేడో గడి మీద వేలు పెట్టింది.

“ఆ రోజు పొద్దున మీరు చూశారు. బాగానే ఉంది. అంతేనా?”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓనరు అతనికేసి చూసి తల ఊపాడు. ఆ తల ఊపు చూస్తుంటే ఆసుపత్రి మంచం కళ్ళ ముందు మెదిలింది.

“చూళ్ళేదు మేడమ్” అన్నాడు. “ఆ పేలిక కట్టింది నేను. ఎనిమిది రోజుల ముందు కట్టాను. ఆవిడ విప్పమని మూడుసార్లడిగింది.”

ఓనరు ముందు తేరుకుని నవ్వాడు.

“మేడమ్, ఇతనికి ఆవిడ సొంతక్కతో సమానం. పని నేర్పింది ఆవిడే. జాలిపడి నెత్తినేసుకుంటున్నాడు.” అతని వైపు తిరిగి, “ఆవిడే తప్పొప్పుకుని ఊరుకుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా?” అన్నాడు.

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “చూడండి, జాలిని నేను ఫైల్లో రాయలేను. పోయిన నెల మీరు సంతకం పెట్టి ఇచ్చిన వాంగ్మూలం ఇదిగో. రోజూ మీ సంతకంతో రిజిస్టరు ఇదిగో. రెండు కాగితాలు ఒక మాట చెబుతున్నాయి, మీరొక మాట చెబుతున్నారు. యంత్రం ఆగాక ఉన్న సంతకాలు అలవాటుగా పెట్టారనుకుందాం. అంతకుముందువి చూడకుండానే పెట్టారనడానికి ఏమైనా ఉందా?”

ఏముంది? పేలిక మీద పేరుంటుందా? పన్నెండుమందిలో ఎవరు నోరు విప్పుతారు? జీవితంలో మొదటిసారి నిజం చెబితే దానికి సాక్ష్యం లేదు. అబద్ధానికేమో ముత్యాల్లాంటి సంతకాలు బారులు తీరి ఉన్నాయి. అతను నిస్సహాయంగా ఆ పేజీ వంక చూశాడు. ఒకటి, రెండు, మూడు... ఒక్క ఊపున పెట్టినవి, ఒకే సిరా, ఒకే వంపు. చూపు వరస చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది.

లేచి, వేలు ఆఖరి గడి మీద పెట్టాడు.

“మేడమ్, పోయిన నెలకి ముప్ఫై రోజులే. ముప్ఫై ఒకటో తారీఖు లేదు. ఆ రోజు కూడా నేను రోలరు చూశానని, కడ్డీ బాగుందని సంతకం పెట్టాను.”

అధికారిణి గోడ మీద క్యాలెండరు చూసింది. పేజీ చూసింది. తర్వాత వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. ముప్ఫై రోజుల నెల ఒకటి, ముప్ఫై రోజుల నెల ఇంకొకటి, ఇరవై ఎనిమిది రోజుల నెల. ఓనరు టీ కప్పు ఎత్తి, తాగకుండానే దించాడు.

“పదేళ్ళూ ఇంతే మేడమ్” అన్నాడు సూపర్‌వైజరు. ఆ తర్వాత మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం మెకానిక్కుని పిలిపించారు. అధికారిణి ముందే, అందరి ముందే, సూపర్‌వైజరు తన చేత్తోనే ఆ పేలిక విప్పాడు. మెకానిక్కు కడ్డీ వెనక సాగిపోయిన స్ప్రింగు తీసి కొత్తది వేశాడు. సూపర్‌వైజరు కడ్డీ ముట్టి, యంత్రం ఆగడం చూసుకున్నాడు. అరగంట పని. మెకానిక్కుకి జరిగిందంతా తెలీదు పాపం, చెయ్యి తుడుచుకుంటూ, “ముందే పిలవాల్సింది సార్. చేతులు కాలాక...” అని సగంలో అందరి మొహాలూ చూసి నాలిక కరుచుకున్నాడు.

ఇకమీదట రోలరు నడిపే మనిషి, చూసే మనిషి, ఇద్దరూ కలిసి కడ్డీ ముట్టుకుని, యంత్రం ఆగిందని కళ్ళారా చూసి, అప్పుడే ఇద్దరూ ఏ రోజు సంతకం ఆ రోజే పెట్టాలని అధికారిణి రాయించింది. అనుమానమొస్తే ఎవరైనా సరే యంత్రం ఆపొచ్చు, ఆపినవాళ్ళని ఒక్క మాట అనడానికి వీల్లేదని ఓనరు చేత ఒప్పించింది. తలుపు దగ్గర మూటలు సాయంత్రానికల్లా కదిలాయి. పదేళ్ళు కదలని మూటలు కదిలించడానికి ఇద్దరు మనుషులకి గంట పట్టింది.

“రేపొకసారి వచ్చి కలువు” అన్నాడు ఓనరు మొహం చూడకుండా. ఆ రేపు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. బాక్సు తెరవకుండానే సంచీలో పెట్టుకుని, పెద్దక్క ఇంటికి వెళ్ళాడు.

ఒకటే గది. ఆవిడ మంచం మీద కూర్చుని, ఎడమచేత్తో ఒక తువ్వాలు మడతపెట్టాలని చూస్తోంది. ఒక కొస గడ్డం కింద అదిమి పట్టుకుంది, ఇంకో కొస జారిపోతోంది. అతను గుమ్మంలోనే నిలబడి, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. కూర్చుంటే మళ్ళీ ఆ పాడుమాట వస్తుందేమోనని భయం.

“నువ్వు కట్టలేదక్కా. నేను కట్టాను. నువ్వు మూడుసార్లడిగావు, కలగనలేదు. నీకన్నీ సరిగ్గానే గుర్తున్నాయి. ఇవాళ వాళ్ళ ముందు చెప్పి వచ్చాను.”

ఆవిడ గడ్డం కింద తువ్వాలు వదిలేసింది. చాలారోజుల తర్వాత గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు భుజాలు దిగాయి. “అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట” అంది నెమ్మదిగా. మొహం ఒక్క క్షణం తెరిపినపడింది.

ఆ తర్వాతే మిగతాది అర్థమయింది. ఆసుపత్రిలో తను అడిగిన ప్రశ్నా, అతను చెప్పిన జవాబూ గుర్తొచ్చాయి కాబోలు, మొహం మారిపోయింది. అతనికేసి చూడటం మానేసి తన కట్టుకేసి చూసుకుంది.

“నన్ను తిట్టక్కా” అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. వేరే మాట అడిగింది. “నా చోట ఇప్పుడెవర్ని నిలబెడుతున్నారు?”

“ఆ కొత్తమ్మాయిని. నువ్వు మడత నేర్పిన పిల్లే.”

“కడ్డీ బాగయిందా?”

“బాగయిందక్కా. స్ప్రింగు మార్చారు.”

అప్పుడు తలెత్తి, మొదటిసారి నేరుగా అతని కళ్ళలోకి చూసింది.

“చూశావా? సంతకం పెట్టావా?”

“చూశానక్కా” అని చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. చెప్పాడు. ఆవిడ నమ్మిందో లేదో చెప్పలేదు. కింద పడ్డ తువ్వాలు ఎడమచేత్తో అందుకుని, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది.